బిస్మార్క్‌ను బల్ల మీద కట్టే వరస
(చెన్నైలో ప్లాస్టిక్ మోడల్స్ కట్టే తెలుగువాళ్ళు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, అదీ ఆదివారం పూట, ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఒకటి, రంగు వెయ్యని ఓడ పొట్ట, అంటే హల్. రెండోది, రెయిలింగులు, నిచ్చెనలు, రాడార్లు చెక్కి ఉన్న పల్చటి ఇత్తడి రేకు. దీన్నే మనం ఫోటో ఎచ్ అంటాం. మూడోది, ఈ పొడుగాటి కాగితం. ముందు వరసలో వాళ్ళు చేతిలోకి తీసుకుని చూసి వెనక్కి అందించండి. రేకును మాత్రం అంచుల దగ్గరే పట్టుకోండి, సన్నటి భాగాలు వేలు ఆనితేనే వంగుతాయి.

ఈ మూడింట్లో కాగితమే ముఖ్యం. పెద్ద యుద్ధనౌక కిట్ మొదలుపెట్టి సగంలో అటకెక్కించిన వాళ్ళని అడగండి. భాగాలు మరీ చిన్నవి అంటారు, రంగు కుదరలేదు అంటారు, ఓపిక చాల్లేదు అంటారు. దగ్గరికెళ్ళి చూస్తే చాలామటుకు జరిగింది ఒకటే: ముందు అతికించాల్సింది వెనక, వెనక అతికించాల్సింది ముందు అతికించారు. వంతెన, అంటే ఓడను నడిపించే బ్రిడ్జ్, దాని కింద రంగు వెయ్యాలంటే బ్రష్ దూరదు. పొగగొట్టం సరిచెయ్యబోతే చెయ్యి తగిలి రెయిలింగు ఊడుతుంది. ఊడినదాన్ని అతికించబోతే పక్కది వంగుతుంది. వెయ్యికి పైగా భాగాలున్న కిట్‌లో ఇలాంటివి పది జరిగితే ఎవరికైనా విసుగొస్తుంది. అది ఓపిక లోపం అనుకోకండి, వరస తప్పడం వల్ల వచ్చిన పాట్లు. కాబట్టి ఈరోజు మాట్లాడేదంతా వరస గురించే.

ముందు కొలతలు. 1/350 స్కేల్ అంటే అసలు ఓడలో 350 మిల్లీమీటర్లు మోడల్‌లో ఒక మిల్లీమీటరు. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ పొడవు 251 మీటర్లు. 1/350లో అది సుమారు 72 సెంటీమీటర్లు వస్తుంది, పుస్తకాల బీరువా మీద పెట్టుకోవచ్చు. అదే ఓడ 1/200లో 125 సెంటీమీటర్ల పైన, నాలుగడుగులు దాటుతుంది. వెడల్పు 18 సెంటీమీటర్లు. జపాన్ యమాతో 263 మీటర్లు, 1/200లో 131 సెంటీమీటర్లు దాటిపోతుంది. ఈ స్కేల్ కిట్ కొనేముందు టేపు పట్టుకుని ఇల్లు కొలవండి. ఓడకు అద్దాల పెట్టె తప్పనిసరి. రెయిలింగుల మధ్య పేరుకున్న దుమ్మును ఏ బ్రష్షూ తియ్యలేదు. పెట్టెకు అటూ ఇటూ ఐదేసి సెంటీమీటర్లు వదిలితే బిస్మార్క్ పెట్టె 135 సెంటీమీటర్ల పైన తేలుతుంది. ఆటోలో అడ్డంగా పట్టదు. మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు లోపలి కొలత ఎంతో, మెట్ల మలుపులో తిరుగుతుందో లేదో ముందే చూసుకోండి. పెట్టె పైకప్పుకు 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ వేస్తే ఆ పొడవుకు మధ్యలో కుంగుతుంది, 5 వెయ్యమనండి.

మొట్టమొదటి ఓడకే 1/200 వద్దని నా గట్టి అభిప్రాయం. చెన్నైలో ఉన్నవాళ్ళకు నేను చెప్పే మొదటి ఓడ ఎమ్డెన్. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు తీరానికొచ్చి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను పేల్చి వెళ్ళిన జర్మన్ క్రూయిజర్. హైకోర్టు గోడ దగ్గర దాని శిలాఫలకం ఇప్పటికీ ఉంది. గడుసువాణ్ణి ‘ఎమ్డన్’ అనడం ఇక్కడి తమిళంలో మాటగా నిలిచిపోయింది. రెవెల్ కంపెనీ దీన్ని 1/350లో తెచ్చింది. అసలు ఓడ 118 మీటర్లు కాబట్టి మోడల్ 34 సెంటీమీటర్లకు లోపే. మూడు పొగగొట్టాలు, పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు. అంటే పెద్ద ఓడలో ఉండే పనులన్నీ ఉంటాయి, కానీ ఒక్కోటీ పదిసార్లే చెయ్యాలి, వందసార్లు కాదు. ఒక హెచ్చరిక: శాంతికాలంలో ఎమ్డెన్ తెల్లరంగు ఓడ. మద్రాసు వచ్చేనాటికి బూడిదరంగు వేసుకుంది. బ్రిటిష్ క్రూయిజర్‌లా కనపడ్డానికి ఉత్తుత్తి నాలుగో పొగగొట్టం కూడా కట్టుకుని తిరిగింది. తెల్ల ఓడ కట్టి మద్రాసు ఎమ్డెన్ అని చీటీ పెడితే తప్పు. ఏ ఓడకైనా ముందు తేదీ తేల్చుకోండి. తేదీని బట్టే రంగు, తేదీని బట్టే ఫిరంగులు, రాడార్లు.

ఇక బిస్మార్క్‌నే ఉదాహరణగా పెట్టుకుని ముందుకెళ్దాం. ఓడ ముందు కొసను మన పాత తెలుగులో అణియం అంటారు, వెనక కొసను అమరం అంటారు. ఆ మాటలే వాడతాను.

ఇప్పుడీ కాగితం సంగతి. కిట్‌తో వచ్చే సూచనల పుస్తకాన్ని మొదటి వారం చదవడమే పని, ఏదీ అతికించకండి. ఆ పుస్తకం అంకెల ప్రకారం పోతే ఓడ ఆకారం వస్తుంది కానీ, రంగు వెయ్యడం గురించి అది ఆలోచించదు. చాలా కిట్లలో మొదటి మెట్టులోనే ప్రొపెల్లర్లు, చుక్కాని బిగించమంటారు. బిస్మార్క్‌కు మూడు ప్రొపెల్లర్లు, రెండు చుక్కానులు. ఇవి బిగించాక అడుగు ఎర్రరంగు వేస్తే ఇరుసుల వెనక నీడపడ్డ చోట ప్లాస్టిక్ అలాగే ఉండిపోతుంది. పైగా ఏడాదిపాటు ఓడను తిప్పుతూ ఉంటే అవే ముందు విరుగుతాయి. అందుకని కాగితం మీద మూడు గళ్ళు గియ్యండి. మొదటి గడిలో భాగం పేరు. రెండో గడిలో, ఇది అతికించాక బ్రష్ ఎక్కడికి చేరదు? మూడో గడిలో, ఇది అతికించాక నా చెయ్యి దేనికి తగులుతుంది? రెండో గడి నిండితే ముందు రంగు, తర్వాత అతుకు. మూడో గడి నిండితే ఆ భాగం వెనక్కి పోవాలి. ఫిరంగి గొట్టాలు, పడవలు, క్రేన్లు, మాస్టులు, అంచు రెయిలింగులు అలా ఆఖరికి చేరతాయి. వంతెన, పొగగొట్టం, ఒక్కో టరెట్ (ఫిరంగులుండే తిరిగే గూడు) విడివిడిగా కట్టి, విడివిడిగా రంగు వేసి, ఐస్‌క్రీం పుల్లల మీద నిలబెట్టి పక్కన పెట్టుకోవాలి.

పెట్టె విప్పిన రోజే భాగాలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేములన్నీ పుస్తకంలో బొమ్మతో సరిచూడండి. భాగం తగ్గితే అప్పుడే తెలియాలి. ఆరు నెలల తర్వాత తెలిస్తే కొన్నచోట అడగడానికి ఉండదు. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడాలని ఫ్యాక్టరీలో రాసే జిడ్డు ఉంటుంది, అది పోకపోతే మాస్కింగ్ టేపు తీసినప్పుడు రంగు పెచ్చుగా లేచి వస్తుంది. నీడలో ఆరబెట్టండి. కారులో కిట్ ఉంచి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే పొడుగాటి హల్ వంకర పోతుంది, జాగ్రత్త. చిన్న భాగం వంకరగా వస్తే చెయ్యి కాస్త కాలేంత వేడినీళ్ళలో ముంచి, సరిచేసి, అలాగే పట్టుకుని చల్లనీళ్ళలో పెట్టండి.

హల్ పని పీఠంతో మొదలవుతుంది. ఇది చాలామంది చివరికి వదిలేసే పని. డెక్, అంటే ఓడ పై తట్టు, మూసేశాక పొట్ట లోపలికి చెయ్యి పోదు కదా, అప్పుడు నట్టు ఎలా పెడతారు? పొడవులో రెండు కొసల నుంచీ నాలుగో వంతు దగ్గర, సరిగ్గా మధ్యగీత మీద, రెండు రంధ్రాలు వెయ్యండి. లోపల చిన్న ప్లైవుడ్ ముక్క, దాని మీద వాషర్, ఎం6 నట్టు. కింద నుంచి బోల్టు బిగించి ఉంచి రెండు గొట్టాల ఎపాక్సీతో నట్టు చుట్టూ ముద్దగా పెట్టండి. బోల్టు మరలకు ముందే రెండు చుక్కల నూనె రాయండి, లేకపోతే బోల్టు కూడా అతుక్కుపోతుంది. ఎండాక బోల్టు విప్పి, అవే బోల్టులతో హల్‌ను ఒక చెక్కపలకకు బిగించండి. ఇక కట్టినన్నాళ్ళూ మీ చెయ్యి పట్టుకునేది పలకనే. చివర్లో అదే రంధ్రాలకు ఇత్తడి కాళ్ళు వస్తాయి. పారీస్ కార్నర్ హార్డ్‌వేర్ కొట్లలో తలుపులకు, దీపాలకు వాడే ఇత్తడి నాబ్‌లు చూడండి, వాటిలో సరిపడేవి దొరుకుతాయి.

కొన్ని కిట్లలో హల్ ఒకే ముక్క, కొన్నిటిలో కుడి ఎడమ రెండు ముక్కలు. రెండు ముక్కలదైతే అతుకు దగ్గర తొందర పనికిరాదు. ప్లాస్టిక్ సిమెంట్ జిగురు కాదండీ, అది ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. నొక్కినప్పుడు అతుకు వెంట సన్నటి పూసలా కరిగిన ప్లాస్టిక్ పైకి రావాలి. దాన్ని వెంటనే తుడవకండి. 48 గంటలు ఆగి, బ్లేడుతో గీరి, తర్వాత వాటర్ పేపర్‌తో 400, 600, 1000 వరసన తడిపి రుద్దండి. ఇక్కడి కొట్లో ‘ఉప్పుత్తాళ్’ అని అడిగితే వడ్రంగం గరుకుకాగితం ఇస్తారు, మీకు కావలసింది కార్ల పెయింటర్లు వాడే నల్లటి వాటర్ పేపర్. మర్నాడే రుద్దితే ఏమవుతుంది? మెత్తబడి ఉబ్బిన ప్లాస్టిక్‌ను సమంగా రుద్దేస్తారు. లోపలి ద్రావకం వారం పది రోజుల్లో ఆవిరై అది కుంగుతుంది. రంగు వేసిన తర్వాత అణియం నుంచి అమరం దాకా ఒక గాడి ప్రత్యక్షమవుతుంది. పుట్టీ పెట్టినా ఇదే లెక్క, మందంగా ఒక్కసారి కన్నా పల్చగా మూడుసార్లు మేలు.

పొడుగాటి హల్ గోడలు నడుము దగ్గర లోపలికి గానీ బయటికి గానీ వాలుతాయి. డెక్ వెడల్పుకు సరిగ్గా కోసిన ప్లాస్టిక్ పట్టీలను పదేసి సెంటీమీటర్లకు ఒకటి అడ్డంగా నిలబెట్టండి. డెక్‌ను ముందు జిగురు లేకుండా టేపులతో మొత్తం కూర్చి చూడండి. తర్వాత అణియం దగ్గర మొదలుపెట్టి ఆరేడు సెంటీమీటర్లు ఒకవైపు, ఆరేడు రెండోవైపు, అలా మార్చి మార్చి పల్చటి సిమెంట్ సందులోకి పీల్పించండి. ఒకేవైపు చివరిదాకా పోతే రెండోవైపు మిల్లీమీటరున్నర మిగిలిపోతుంది, దాన్ని లాగి అతికిస్తే హల్ మెలిపడుతుంది.

రంగుల దగ్గర చెన్నై గురించి ప్రత్యేకంగా మాట్లాడాలి. ఇక్కడ గాల్లో తేమే పెద్ద సమస్య. ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే పరికరంతో, లాక్కర్ రంగు కొట్టినప్పుడు అందులో ద్రావకం గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాల్లో తేమ తడిరంగు మీద పేరుకుని తెల్లటి పొగలా మచ్చ కడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, ఇది తరచూ వచ్చే గొడవే. ఎండాకాలంలో దీనికి సరిగ్గా ఎదురు: రంగు నాజిల్ నుంచి హల్ చేరేలోపే గాల్లో ఆరిపోయి ఇసుకలా గరుగ్గా పడుతుంది. రెండింటికీ మందు ఒకటే, నెమ్మదిగా ఆరనిచ్చే రిటార్డర్ కలిపిన థిన్నర్. ఎండాకాలంలో ఇంకొంచెం పల్చన చేసి, పది సెంటీమీటర్ల దగ్గరికొచ్చి కొట్టండి. గదిలో తేమ కొలిచే మీటరు పెట్టుకోండి. 60 శాతం లోపుంటే నిశ్చింతగా కొట్టొచ్చు, 75 దాటితే ఆ పూట ఫోటో ఎచ్ పని చూసుకోండి. సముద్రపు గాలి తిరగకముందు, పొద్దున్న పది పదకొండు గంటల వేళ ఇక్కడ అనువైన సమయం. కంప్రెసర్‌కు నీళ్ళు పట్టే ట్రాప్ లేకుండా ఈ ఊళ్ళో ఎయిర్‌బ్రష్ వాడొద్దు, ఇరవై నిమిషాలకే గొట్టంలో నీళ్ళు చేరి రంగుతోబాటు చుక్కలుగా ఉమ్ముతుంది. హల్‌కు 0.5 నాజిల్, మిగతావాటికి 0.3, పీడనం 15 నుంచి 20 పీఎస్ఐ. ముక్కుకు మామూలు దుమ్ము మాస్కు పెట్టుకుంటే ద్రావకం ఆవిరిని ఆపదు, కార్బన్ క్యాట్రిడ్జి ఉన్నది కావాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ విషయంలో అస్సలు రాజీ పడకండి.

నీటిమట్టం గీత. పలకకు బిగించిన హల్‌ను సమంగా నిలిపి, చెక్కముక్క మీద పడుకోబెట్టి కట్టిన పెన్సిల్‌ను ఓడ చుట్టూ జరిపితే గీత వస్తుంది. ఇక్కడ వరస ఇది: నీటిగీత దగ్గరుండే ముదురు పట్టీ రంగును ముందు కాస్త వెడల్పుగా కొట్టండి. ఆరాక పట్టీ వెడల్పుకు సరిగ్గా కోసిన టేపుతో దాన్ని మూసెయ్యండి. ఇప్పుడు పైన మూసి కింద ఎరుపు, తర్వాత కింద మూసి పైన బూడిద. టేపు తీస్తే మూడు రంగులూ ఒక్క గీతలో నిలుస్తాయి. అణియం వంపు దగ్గర వెడల్పు టేపు ముడతలు పడుతుంది, అక్కడ 2 మిల్లీమీటర్ల సన్న టేపుతో అంచు వేసి మిగతాది వెడల్పుదానితో నింపండి. కొత్త రంగు కొట్టేముందు టేపు అంచు మీద పాత రంగే ఒకసారి పల్చగా కొట్టండి. కారేదేదో ఆ రంగే కారుతుంది, కొత్తది లోపలికి పోదు.

ఇప్పుడు ఈ ఓడలో అన్నిటికన్నా కష్టమైన చోటికి వచ్చాం. బిస్మార్క్ బాల్టిక్ సముద్రంలో ఉన్నప్పుడు పక్కల మీద నలుపు తెలుపు ఏటవాలు చారలు వేశారు, రెండు కొసలకూ ముదురు రంగు వేసి ఓడ పొట్టిగా కనపడేలా చేశారు. 1941 మే 21న నార్వే తీరంలో ఆగినప్పుడు చారల మీద బూడిదరంగు వేసేశారు. 24న బ్రిటిష్ యుద్ధనౌక హుడ్‌ను ముంచినప్పుడు, 27న తాను మునిగినప్పుడు దాని మీద కొట్టొచ్చినట్టుండే చారలు లేవు. అందుచేత చారలు కావాలంటే మే 21కి ముందు ఓడ, వద్దంటే తర్వాతి ఓడ. చారలతో కట్టి పక్కన హుడ్‌తో యుద్ధదృశ్యం పెట్టకండి.

చారలే కావాలనుకున్నారు. అక్కడ మన కాగితం వరస ఒక్కసారి తలకిందులు చెయ్యాలి. ఇంతవరకూ విడివిడిగా రంగు వెయ్యమన్నాను. చార మాత్రం హల్ మీద మొదలై పై కట్టడం గోడల మీదికి ఎక్కుతుంది. విడివిడిగా వేస్తే అక్కడ విరిగిపోతుంది. కాబట్టి రంగుకు ముందు పై కట్టడాలన్నిటినీ డెక్ మీద జిగటముద్దతో తాత్కాలికంగా నిలబెట్టండి. పొడుగాటి స్కేలును ఓడ పక్కన బల్ల మీద పరచండి. చార కింది కొస అణియం నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దగ్గరుందో, పై కొస ఎన్నింటి దగ్గరుందో కాగితం మీద రాసుకోండి. మూలమట్టాన్ని స్కేలు మీద నిలబెట్టి ఆ గుర్తుల్ని హల్ మీదికి, అలాగే పై గోడ మీదికి ఎక్కించండి. కంటితో చూసి కలపబోతే కుదరదు, ఎందుకంటే పై కట్టడం గోడ హల్ అంచు కన్నా లోపలికి ఉంటుంది. మీరు ఒక పక్కకు నిలబడి చూసినప్పుడు కలిసినట్టుండేది ఎదురుగా నిలబడితే విడిపోతుంది. మూలమట్టం అలా మోసం చెయ్యదు. గుర్తులు పెట్టాక అన్నీ విప్పెయ్యండి. తెలుపు ముందు, దాని మీద టేపు. నలుపు తర్వాత, దాని మీద టేపు. బూడిద ఆఖరు. బూడిద మీద తెలుపు వెయ్యబోతే ఐదారు పూతలు పడితే గానీ కప్పదు, అంత మందానికి చార అంచు గట్టులా లేస్తుంది.

చెక్క డెక్ రెండు రకాలు. అసలు కలప పొరను కోసి వెనక జిగురుతో అమ్మేవి ఉన్నాయి, చూడ్డానికి బాగుంటాయి. ఇనుప భాగాలకు రంగు వేశాక, పై కట్టడాలు పెట్టేముందు వెయ్యాలి. వెనక కాగితం మొత్తం ఒకేసారి ఒలవకండి, ఒక కొసన రెండు సెంటీమీటర్లు ఒలిచి, డెక్ మీది రంధ్రాలు కలిశాయని చూసుకుని, కొంచెం కొంచెం ఒలుస్తూ వెయ్యండి. ఈ తేమకు అంచులు రెండు మూడేళ్ళలో లేస్తాయి, వేసేటప్పుడే అంచుల కింద పల్చటి కాంటాక్ట్ జిగురు పుల్లతో రాస్తే మంచిది. రెండో దారి రంగుతో వెయ్యడం: మొత్తం లేత గోధుమ వేసి, అక్కడక్కడా పలకల్ని టేపుతో వదిలి నాలుగైదు దగ్గరి ఛాయలు. ఎండకు, ఉప్పునీటికి నానిన టేకు కాస్త బూడిదగా ఉంటుంది, కొత్త ఫర్నిచర్ రంగు వెయ్యకండి.

ఇక ఈ రేకు. చేతులు మారి వచ్చిందా? వంగలేదు కదా, సంతోషం. రెయిలింగు ఎత్తు అసలు ఓడలో సుమారు ఒక మీటరు. అంటే 1/200లో 5 మిల్లీమీటర్లు, 1/350లో 3 కూడా రాదు. రేకును అసిటోన్‌తో తుడిచి, రెండువైపులా మెటల్ ప్రైమర్ కొట్టి, రంగు కూడా రేకు మీదే వేసెయ్యండి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్ళలో ప్రైమర్ లేని ఇత్తడి ఏడాదికే నల్లబడుతుంది. కొయ్యడానికి కింద గట్టిగా ఉండాలి, పాత టైల్ ముక్కో అద్దమో పెట్టుకోండి. మెత్తటి కటింగ్ మ్యాట్ మీద బ్లేడు నొక్కితే రేకు కుంగి కొస వంకరపోతుంది.

రెయిలింగుకు కొలత కాగితంతో తీసుకోవాలి. సన్నటి కాగితం పట్టీని డెక్ అంచు వంపు వెంట నిలబెట్టి, మొదలూ చివరా గోటితో నొక్కి, దాన్ని రేకు మీద పరిచి కోతచోటు చూసుకోండి. ఒక్కో ముక్క 8 నుంచి 10 సెంటీమీటర్లు, కోత ఎప్పుడూ నిలువు కమ్మీ దగ్గర. అర మిల్లీమీటరు పొట్టిదైతే ఎవరికీ కనపడదు. అర మిల్లీమీటరు పొడుగైతే ఆ ముక్క ఎక్కడో ఒకచోట అలలా ఉబ్బుతుంది, అది గది అవతలి నుంచి కనపడుతుంది. గుండ్రంగా చుట్టాల్సిన భాగాలను మాత్రం గ్యాస్ మంట మీద క్షణం చూపించి చల్లార్చండి, ఇత్తడి మెత్తబడి చెప్పినట్టు వింటుంది. నేరుగా నిలబడే రెయిలింగును కాల్చకండి, ఊపిరి తగిలినా వంగేలా అయిపోతుంది.

అతికించడానికి మొదట ఫెవికాల్. ప్లాస్టిక్ మూత మీద పల్చగా పూసి, రెయిలింగు అడుగు అంచును అందులో ఆనించి, పట్టకారుతో తెచ్చి నిలబెట్టండి. సరిచేసుకోవడానికి నాలుగైదు నిమిషాలు ఇస్తుంది. ఆరాక కొసల్లో మాత్రమే సూది మొనతో ఇసుకరేణువంత సూపర్ గ్లూ. మొదటే సూపర్ గ్లూ పెడితే, ఈ ఊరి తేమకు అది క్షణంలో పట్టేస్తుంది, వంకరగా నిలబడ్డది వంకరగానే ఉంటుంది. ఎక్కువైతే అడుగు కమ్మీ వెంట పాకి, రెండు కమ్మీల మధ్య సందును పొరలా మూసేస్తుంది. సూపర్ గ్లూ సీసాను సిలికా జెల్ పొట్లంతో మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, కానీ బయటికి తీశాక గంట ఆగి మూత తియ్యండి. చల్లటి సీసా తెరిస్తే లోపల తేమ పట్టి రెండో రోజుకే చిక్కబడుతుంది. ఫ్యాన్ ఆపేసి పని చెయ్యాలి, చెమట కారుతుంది, ఒప్పుకుంటాను. పక్కన తువ్వాలు పెట్టుకోండి.

రెయిలింగుల వరస: లోపల ఎత్తైన అంతస్తులు ముందు, బయట హల్ అంచు ఆఖరు. అంచుది ముందు పెడితే ఆ తర్వాత చేసే ప్రతి పనికీ మీ మణికట్టు దాని మీదే ఆనుతుంది.

మాస్టులకు కట్టే తీగలకు కుట్టుదారం వాడకండి. కుట్టుదారం మందం 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే 1/350లో అది 7 సెంటీమీటర్ల మోకు, పైగా దానికి నూగు ఉంటుంది. సాగే సన్నదారాలు మోడలింగ్ కోసమే వస్తాయి, చెయ్యి తగిలినా తెగకుండా సాగి మళ్ళీ బిగుస్తాయి. డబ్బు పెట్టలేనివాళ్ళు ఖాళీ ఫ్రేము ముక్కను కొవ్వొత్తి పైన, మంట తగలకుండా తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే బయటికి తీసి రెండు చేతులా లాగితే వెంట్రుక లాంటి పోగు వస్తుంది. దాన్ని కాస్త వదులుగా అతికించి, ఆరాక వెలుగుతున్న అగరబత్తిని దగ్గరగా, తగలకుండా, చూపించండి. కళ్ళముందే బిగుసుకుంటుంది. ఒక్క క్షణం ఎక్కువైతే తెగుతుంది. ప్లాస్టిక్ మాస్టులు ఈ లాగుడుకు వంగుతాయి కనక వాటి బదులు ఇత్తడి కడ్డీ పెట్టండి, రెండువైపులా ఒకటి మార్చి ఒకటి కట్టండి.

ఇక అడగండి.

(ఎయిర్‌బ్రష్ కొనలేని విద్యార్థి పెద్ద ఓడ కట్టగలరా అని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు)

కట్టొచ్చమ్మా. హల్‌కు మోడలింగ్ స్ప్రే డబ్బాలు వాడు, పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి, చెయ్యి ఆపకుండా. నొక్కడం హల్ బయట మొదలుపెట్టి హల్ బయటే వదలాలి, లేకపోతే మొదటి చుక్కలు ఓడ మీద పడతాయి. డబ్బాను ముందు గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచు, వేడినీళ్ళు మాత్రం వద్దు. పై కట్టడాలకు నీళ్ళ యాక్రిలిక్, పల్చగా, వెడల్పు మెత్తటి బ్రష్‌తో మూడు నాలుగు పూతలు. ఒక్కో పూతకు కనీసం రెండు గంటలు. చారలు లేని ఓడ ఎంచుకో, మే 24 నాటి బిస్మార్క్ నీకు సరిపోతుంది.

(ఇల్లు మారాల్సివస్తే, చెన్నై నుంచి విజయవాడకు ఓడను ఎలా తీసుకెళ్ళాలని ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు)

మంచి ప్రశ్న అండీ. ఇత్తడి కాళ్ళు విప్పి, మొదట వాడిన చెక్కపలకకు అవే ఎం6 బోల్టులతో హల్‌ను మళ్ళీ బిగించండి. ఆ పలకను పారెయ్యొద్దనేది ఇందుకే. ప్లైవుడ్ పెట్టె అడుక్కి ఆ పలకను నాలుగు మూలలా స్క్రూలు వెయ్యండి. ఓడ చుట్టూ థర్మోకోల్ గానీ పాత బట్టలు గానీ కూరకండి, కుదుపుకు అవి జరిగి మాస్టుల మీద పడతాయి. ఓడ చుట్టూ గాలి తప్ప ఏమీ ఉండకూడదు. మెత్త పెట్టె కింద వెయ్యండి, రెండంగుళాల స్పాంజి. టరెట్లను అతికించి ఉండరు కాబట్టి అవి తీసి వేరే డబ్బాలో, ఫిరంగి గొట్టాలు పైకి ఉండేలా పెట్టండి. కారులో వెనక సీటు మడిచి పెట్టె పొడవుగా పరచండి, మీద ఇంకో సామాను పెట్టనివ్వకండి. నెల్లూరు దగ్గర భోజనానికి ఆగితే కారు నీడలో పెట్టించండి, కిటికీలు కొంచెం దించి, ఎవరో ఒకరు కారు దగ్గర ఉండాలి.